దారం మెడకే కట్టాలి

గోనెసంచి మీద తడి కనబడినప్పుడు ఆమె ముందు ఉచ్చ అనుకుంది. మత్తులో ఉన్న కుక్కలు ఉచ్చ పోయడం మామూలే, అందుకే పాత గుడ్డలు పక్కనే కుప్పగా పోసుకుని కూర్చుంటుంది, చెయ్యి దానంతటదే వెళ్ళి ఒక గుడ్డ అందుకుంది, తుడిచింది, తుడిచి పక్కన పడెయ్యబోతూ గుడ్డ వైపు చూసింది. పసుప్పచ్చగా లేదు. తెల్లగా ఉంది. వేలితో తాకితే గోరువెచ్చగా, కాస్త జిగురుగా. ఆ జిగురు ఆమె వేళ్ళకి బాగా తెలుసు, ఏడు నెలల నుంచీ పగలూ రాత్రీ తెలుసు, వేలికి తెలిసిపోయింది కానీ బుర్రకి ఎక్కడానికి ఇంకాసేపు పట్టింది. గోధుమరంగు కుక్క కుడిపక్కకి తిరిగి పడుకుని ఉంది, ఎడమపక్క గొరిగిన చోట నాలుగు కుట్లు, కుట్ల మీద ఊదారంగు మందు, చెవి కొసన కొత్తగా కత్తిరించిన గుర్తు, నాలుక పక్కకి లాగి పెట్టింది తనే, ఊపిరాడాలని. కిందపక్క ఒంటి బరువుకి నలిగి, చన్నుల వరస నుంచి పాలు గోనెసంచిలోకి ఇంకుతున్నాయి. ఎవరో పిల్లకి తాగించినట్టు సంచి తాగుతోంది.

ఇది జరగకూడదు. ఇది జరగడానికి వీల్లేదు. వీధికుక్కలకి పిల్లలు పుట్టకుండా చేసే కోత ఇక్కడ పొట్ట కింద పెట్టరు, ఆఖరి పక్కటెముక వెనకాల పక్కన పెడతారు, అక్కడే గొరుగుతారు, అక్కడే మందు రాస్తారు, కంత ఉన్న ఆకుపచ్చ గుడ్డ కప్పుతారు. గుడ్డ కప్పాక కుక్క ఉండదు, కంత ఒక్కటే ఉంటుంది. అందుకని చన్నులు డాక్టరమ్మకి కనబడలేదు. డాక్టరమ్మకి కనబడక్కర్లేకుండా చెయ్యడానికేగా తనని పెట్టింది. పొద్దున ఆరింటికి, బోన్ల దగ్గర, ఒక్కొక్క ఆడకుక్క పొట్ట కిందా చెయ్యి పెట్టి చన్ను నొక్కి చూడాలి, పాలుంటే ఎర్రదారం కట్టాలి, దారం ఉన్నవాటిని కోత లేకుండా ఏడింటి వ్యాన్‌లో ఎక్కడ పట్టారో అక్కడే దించేస్తారు, పిల్లలు పెద్దవయ్యాక మళ్ళీ చూసుకోవచ్చని. పొద్దున చేసేపని అదొక్కటే. ఆ ఒక్కటే.

ఆమె లేచింది. లేచానని తెలియకుండానే ఆపరేషన్ గది తలుపు దగ్గర ఉంది, చేతిలో గుడ్డ అలాగే ఉంది.

“డాక్టరమ్మా, ఇందాక బయటికి పంపారే, ఆ గోధుమరంగుది… పాలిస్తోంది.”

డాక్టరమ్మ చేతులు కంతలో ఉన్నాయి, ఇంకో కుక్క కంతలో. మాస్కు పైన కళ్ళు మాత్రం ఇటు తిరిగాయి.

“ఏంటీ?”

“పాలమ్మా. గుడ్డంతా పాలే.”

“పొద్దున చూశావా దాన్ని?”

“చూశాను.”

“దారం కట్టావా?”

“కట్టాను.”

అబద్ధం కాదు. కట్టింది. అక్షరాలా కట్టింది. ఎక్కడ కట్టావని డాక్టరమ్మ అడగలేదు, అడిగి ఉంటే చెప్పేదేనేమో, అడగలేదు కదా, ఆ వెంటనే కళ్ళు ఆమెని దాటి వెనక బకెట్టుతో నిలబడ్డ తాత మీదికి పోయాయి. బోన్లు కడిగే తాత. పొద్దున్నే కుక్కల్ని అటూ ఇటూ మార్చి, పైపుతో బోన్లు కొట్టి, ఎక్కడివక్కడ మళ్ళీ పెట్టడం ఆయన పని.

“తాతా, నీళ్ళు కొట్టేటప్పుడు దారం ఊడిందా?”

తాత బకెట్టు కింద పెట్టాడు. “ఊడే ఉంటుందమ్మా. నాకు కళ్ళు సరిగ్గా ఆనడం లేదు ఈ మధ్య.”

“ఆనకపోతే ముందే చెప్పాలి కదా తాతా! మొన్న గేటు తీసి పెట్టేశావు, ఇవాళ ఇది. ఇంక నీ వల్ల కాదు. రేపట్నించి ఇంట్లో కూర్చో.”

తాత తల ఊపాడు. కోపం లేదు, రోషం లేదు, ఊపి బకెట్టు మళ్ళీ ఎత్తుకున్నాడు, నీళ్ళు కొంచెం తొణికాయి. ఆమె నోరు తెరిచే ఉంది. తేలు కుట్టిన దొంగ అంటారే, అదే, కేక పెట్టడానికి లేదు, పెట్టకుండా ఉండడానికి లేదు. ఈలోగా డాక్టరమ్మ వల అన్నని పిలిచేసింది. కుక్కల్ని వలేసి పట్టేది అతనే, వ్యాను తోలేది అతనే. దాన్ని ఎక్కడ పట్టాడో కార్డులో చూడమంది. వల అన్నకి చదువు రాదు, అందుకని ప్రతి కార్డు మీదా బొమ్మ గీసుకుంటాడు, చేపల మార్కెట్టుకి చేప, బడికి గంట, ఇది పద్దెనిమిదో కార్డు, దీని మీద చక్రం ఉంది. “బస్సుల షెడ్డు వెనక,” అన్నాడు అన్న. “అయితే వెళ్ళు. పిల్లలు ఎక్కడో కుయ్యిమంటూ ఉంటాయి, చెవి పెట్టి వెతుకు,” అంది డాక్టరమ్మ, “ఆపరేషన్ అయితే అయింది, పాలెక్కడికీ పోవు, నిలబడ్డాక అది మళ్ళీ ఇచ్చుకుంటుంది. కానీ నిన్న సాయంత్రం నుంచీ వాటికి చుక్క పడలేదు. చిన్నవైతే ఇంకెంతోసేపు ఆగవు.” ఆమె వైపు తిరిగి, “మత్తు దిగడానికి గంట పడుతుంది. నువ్వు కదలకు. అది నిలబడగానే నాకు చెప్పు,” అంది.

నువ్వు కదలకు. ఆమె మళ్ళీ గోనెసంచుల గదిలోకి వచ్చి కదలకుండా కూర్చుంది. రేకుల కప్పు, ఒక కిటికీ, గోడమీద గడియారం, వరసగా పదకొండు కుక్కలు, పదకొండు నాలుకలు పక్కకి. గడియారంలో పదకొండున్నర. ఇంకో గంట అంటే పన్నెండున్నర. గంటంటే ఏముంది, పాపని నిద్రపుచ్చడానికి ఒక్కోసారి గంట పడుతుంది, నిద్రపోయిందనుకుని చెయ్యి తీస్తే కళ్ళు తెరుస్తుంది, దొంగ పిల్ల. చిగుళ్ళు నొక్కి చూడాలి, తెల్లబడి మళ్ళీ ఎర్రబడుతున్నాయి, మంచిదే. వేడినీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి వీపుకి ఆనించాలి, ఆనించింది. దారం ఊడే ఉంటుంది, తాతే అన్నాడుగా. పైపులో నీళ్ళు ఎంత గట్టిగా వస్తాయో తను చూడలేదా, పెంట కూడా లేచిపోతుంది, దారం ఎంత, ఊడే ఉంటుంది. తాత మాట నిజమే అయ్యుంటుంది. మెడకి కడితే మాత్రం ఊడదా, ఊడొచ్చు, తడిస్తే ముడి వదులవుతుంది. మెడకి కట్టి ఉంటే అన్న మాట దగ్గర ఆమె ఆగింది, ఆగి వెనక్కి తిరిగింది, నిప్పు మీద కాలేసినదానిలా.

ఎందుకంటే మెడకి కట్టలేదు. మొదటిరోజే డాక్టరమ్మ చెప్పింది, బోనుకి కట్టకు, బోన్లు అటూ ఇటూ అవుతాయి, మెడకే కట్టు, అని. రెండోరోజూ చెప్పింది. పొద్దున ఈ కుక్క మూలకి నక్కి కూర్చుంది, కమ్మీల సందులోంచి కర్రతో మెల్లగా తిప్పి పొట్ట చూసింది తను, చన్నులు బిగిసి ఉన్నాయి, నొక్కక్కర్లేకుండానే తెలుస్తోంది, ఇది తల్లి. తల్లి కాబట్టే పళ్ళన్నీ బయటపెట్టింది. గుర్రుమనడం కాదు, గొంతులో ఏదో రాయి దొర్లుతున్నట్టు. దాని మెడ చుట్టూ చేతులు పెట్టాలి. పెట్టాలంటే మొహం దగ్గరికి తేవాలి. చెయ్యి కొరికితే, కొరికి సూదులేయించుకుంటే, ఆ సూదులయ్యేదాకా పాపకి పాలివ్వకూడదేమో, ఇవ్వొచ్చో ఇవ్వకూడదో ఎవర్ని అడగాలి, అడిగితే అత్త పాపని తన దగ్గరికే రానివ్వదు. ఒక్క నిమిషంలో ఇన్ని అనుకుంది. ఒక్క నిమిషం కూడా కాదు. దారం తీసి బోను కమ్మీకి కట్టేసి, రెండు ముళ్ళేసి, పక్క బోనులోకి వంగింది. అందులోనూ గోధుమరంగు కుక్కే. చక్కగా తోకాడించింది అది, పొట్ట కూడా చూపించింది, పాలు లేవు. కొన్ని కుక్కలు అంతే, మనుషుల్లాగే, ఎక్కడికెళ్ళినా చుట్టాలింటికొచ్చినట్టే ఉంటాయి.

అత్త అన్నది గుర్తొచ్చింది, కుక్కల వాసనతో వచ్చి పిల్లకి పాలిస్తావా, ముందు స్నానం చెయ్యి, అని రోజూ అంటుంది, అత్తదీ తప్పు కాదు. ఈ పనిలో చేరతానంటే తన మొగుడు నవ్వాడు, “బడిలో ఎనిమిది దాటలేదు, ఆస్పత్రిలో ఉద్యోగమంట,” అన్నాడు, వెక్కిరింపు కాదు, మురిపెమే, కానీ గుచ్చుకుంది. ఎనిమిదితో ఎందుకాపేశారంటే తమ్ముడు పుట్టాడు, అమ్మకి లేవలేని జబ్బు చేసింది, తొట్టి ఊపడానికి మనిషి కావాలి. పదమూడేళ్ళకే తల్లయిపోయానని వేళాకోళమాడేది తను. ఆ తమ్ముణ్ణి ఓసారి జారవిడిచింది. ఇది ఎవరికీ తెలియదు. మంచం మీదనుంచి కాదు, చేతుల్లోంచి, వీధిలో పేచీ జరుగుతుంటే కిటికీ ఎక్కి చూడబోయి. తమ్ముడి నుదురు బుడిపె కట్టింది. అమ్మ లేవలేక మంచంలోంచే అరిచింది, ఏమైందే, అని. పిల్లి దూకిందమ్మా, అంది తను. నోట్లోంచి ఎలా వచ్చిందో ఆ పిల్లి. ఉన్న పిల్లే, బూడిదరంగుది, ఆ పూట అసలింట్లోనే లేదు. నాన్న సాయంత్రం దాన్ని సంచిలో వేసి సైకిలుకి కట్టుకుని ఊరవతల వదిలేసి వచ్చాడు. సంచి లోపల్నుంచి అది అరవలేదు, అదే విచిత్రం, నోరు మెదపకుండా పోయింది. బకెట్టు ఎత్తుకుని తాత పోయినట్టు.

ఛీ, ఇప్పుడెందుకది. ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది, గాలికోసం. కిటికీలోంచి పెరట్లో ఎండలో ఆరేసిన బోన్లు కనబడతాయి, కడిగినవి, తలుపులు తీసి, ఒకదాని పక్కన ఒకటి. ఏడింటి వ్యాన్‌లో పంపేసిన కుక్కల బోన్లు. మూడోదాని కమ్మీ మీద ఎర్రగా ఏదో ఉంది.

దారం. ఊడలేదు. తడిసి ఆరి ఇంకా బిగుసుకుంది, రెండు ముళ్ళూ అలాగే ఉన్నాయి, తను వేసినట్టే. బోను మీద రంగుతో పదిహేడు.

కిటికీ ఊచ పట్టుకుంది. పదిహేడులో తను దారం కట్టింది ఈ కుక్కకి. అయితే ఈ కుక్క ఆ బోనులోంచే ఇంటికి పోయి ఉండాలి. పోలేదు. పోయింది తోకాడించిన కుక్క. తాత కడిగేటప్పుడు రెండిటినీ బయటికి తీసి, రెండూ గోధుమరంగువే కదా, ఇది అందులో అది ఇందులో పెట్టేశాడు. మెడలో దారం ఉంటే ఎంత చూపు ఆనకపోయినా ఎర్రగా కనబడేది. బోనుకుంది కాబట్టి బోను చూసి ఎక్కించేశారు. అంటే ఊడిపోవడం కాదు, పైపు కాదు, నీళ్ళు కాదు. మళ్ళీ గడియారం చూసింది, పన్నెండుకి ఐదు నిమిషాలు తక్కువ. చూపు తిప్పుతుంటే కుక్క పక్కన పెట్టిన కార్డు మీద పడింది. పద్దెనిమిది. చక్రం బొమ్మ.

చక్రం కాదు. చక్రం కాదు కదా. పొద్దున పళ్ళు బయటపెట్టినప్పుడు దాని కళ్ళలోకి చూడలేక తను పక్కన వేలాడే కార్డు చూసింది, కార్డు మీద వల అన్న పొగగొట్టం గీశాడు, పొడుగ్గా, పైన ఉంగరాలు ఉంగరాలుగా పొగ, మిల్లు అన్నమాట, మూతపడిన బట్టల మిల్లుకి పొగెందుకురా అన్నా అనుకుని ఆ భయంలోనూ నవ్వొచ్చింది. ఆ నవ్వు గుర్తుంది. కుక్కలు మారాయి కానీ కార్డులు మారలేదు, కార్డు బోనుకే వేలాడుతుంది. ఈ కుక్కని పట్టింది మిల్లు దగ్గర. వల అన్న వెతుకుతున్నది బస్సుల షెడ్డులో. మిల్లు ఊరికి ఈ చివర, షెడ్డు ఆ చివర. అక్కడ సాయంత్రందాకా చెవి పెట్టి విన్నా ఏం వినబడుతుంది, బస్సుల హారన్లు వినబడతాయి. పిల్లలు ఎక్కడున్నాయో ఈ లోకంలో ఇద్దరికే తెలుసు, ఒకటి నాలుక బయటపెట్టుకుని నిద్రపోతోంది, ఇంకొకతె మెలకువగా ఉంది.

చెప్పాలి. ఇప్పుడే లేచి చెప్పాలి. లేవలేదు. ఇది ఎందుకో తరువాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమెకి అంతుపట్టలేదు, కాళ్ళు ఉన్నాయి, నోరు ఉంది, తలుపు పది అడుగులు. చెప్పడమంటే పొగగొట్టం ఒక్కటే చెప్పడం కుదరదు. పొగగొట్టం చెప్తే నీకెలా తెలుసంటారు, ఎలా తెలుసంటే బోనుకి కట్టానని చెప్పాలి, బోనుకి కట్టానంటే ఇందాక కట్టానన్న మాట ఏమవుతుంది, ఇంట్లో కూర్చోమన్న తాత సంగతేమవుతుంది, ఒక దారం లాగితే అల్లికంతా ఊడొస్తుంది. రేపట్నించి ఇంట్లో కూర్చోవలసింది ఎవరు. ఇంట్లో అంటే అత్త, పాప, నాలుగు గోడలు, మళ్ళీ తొట్టి ఊపడం. ఇక్కడ ఆమెని అందరూ “అమ్మాయ్” అని పిలుస్తారు, పని చెప్పడానికే అయినా. వీధిలో బండి కింద పడి కాలు విరిగిన కుక్కని ఒళ్ళో పెట్టుకుని మొదటిసారి ఇక్కడికొచ్చినప్పుడు డాక్టరమ్మ పైసా అడగకుండా కట్టుకట్టి, “గట్టిదానివే, భయం లేదు నీకు,” అంది. భయం లేదంది. ఆ మాట మోసుకుని ఇంటికెళ్ళింది తను. ఒకవేళ అన్నే మిల్లుకి వెళ్తే బాగుండు. ఒకవేళ అన్నకి గుర్తొస్తే, పట్టినవాడు అతనే కదా, అతనికి గుర్తుండొద్దూ ఏ కుక్క ఎక్కడ పట్టాడో, రోజుకి ఇరవై పడతాడు, గుర్తుండదు. ఒకవేళ ఎవరైనా పాలు పోసి ఉంటే. ఒకవేళ అసలు పిల్లలే లేకపోతే, ముందే చచ్చిపోయి ఉంటే, పాలు మాత్రం మిగిలి ఉంటే, అలా ఉంటుంది కొన్నిసార్లు. ఒక తల్లి అనుకోవలసిన మాటేనా అది.

నడుముకి కట్టుకున్న సంచిలో ఫోను కొట్టుకుంది.

“ఎక్కడున్నావే?” అత్త. వెనకాల పాప ఏడుపు, ఆకలేడుపు, అది గుర్తుపట్టడానికి తల్లే కానక్కర్లేదు.

“పనిలో ఉన్నాను అత్తా. డబ్బాలో పోసి పెట్టాను కదా, పట్టలేదా?”

“పట్టకేం, ఊసేసింది. రబ్బరు నోట్లో పెట్టుకోదంట మహారాణి. అమ్మే కావాలంట. నీ కూతురు కదా, మొండితనం ఎక్కడికి పోతుంది?”

“కాస్త ఎత్తుకుని తిప్పత్తా. ఒంటిగంటకల్లా వచ్చేస్తాను.”

“ఒంటిగంటంటే ఏం, ఒక్క గంట ఆకలికే పిల్లలు కరిగిపోరులే. నువ్వు కంగారుపడకు, నీ కుక్కల సంగతి చూసుకుని రా.”

ఫోను పెట్టేశాక కూడా ఏడుపు చెవుల్లో ఉంది. గుండెల దగ్గర గుడ్డ తడిసిపోయింది, రెండు వైపులా, ఏప్రాన్ దాకా వచ్చేసింది, ఏడుపు వింటే చాలు ఒళ్ళు ఆమె మాట వినదు. కింద కుక్క పక్క సంచి తడిసింది, ఇక్కడ తను తడిసింది. నిన్న సాయంత్రం నుంచీ, అంది డాక్టరమ్మ. నిన్న సాయంత్రం తను పాపకి ఇచ్చింది, రాత్రి మూడుసార్లు ఇచ్చింది, పొద్దున ఐదింటికి ఇచ్చి వచ్చింది, అయినా ఆ ఏడుపు. అవి ఇప్పుడు ఏడుస్తున్నాయా. ఏడవడం మానేశాయా. ఏడుపు మానేసిన పిల్లని చూస్తేనే భయపడాలని అమ్మ చెప్పేది.

కుక్క చెవి కదిలింది. కొస కత్తిరించిన చెవే. తరువాత కాలు ఈడ్చింది, నిద్రలో పరిగెడుతున్నట్టు. నాలుక లోపలికి లాక్కుంది. తల ఎత్తబోయి పడేసింది, మళ్ళీ ఎత్తింది, కళ్ళు తెరిచినా చూపు ఇంకా రాలేదు, ఆ చూపులేని కళ్ళతోనే మొహాన్ని పొట్ట వైపు తిప్పుకుని వెతుక్కుంది. ముక్కుతో అటూ ఇటూ. ఎవరూ లేరు. మళ్ళీ వెతికింది. గడియారంలో పన్నెండున్నర దాటింది. పెరట్లో వ్యాను ఆగిన చప్పుడు.

“షెడ్డంతా గాలించాను డాక్టరమ్మా,” వల అన్న గొంతు, “టైర్ల కింద, గోతిలో, డీజిలు పీపాల వెనక. కూత లేదు, గీత లేదు. ఏ బస్సు కిందో పడి ఉంటాయి. అక్కడ డ్రైవర్లు మనుషుల్నే చూసుకోరు, కుక్కపిల్లల్ని చూస్తారా.”

బల్ల మీద కత్తెర పెట్టిన చప్పుడు. తరువాత డాక్టరమ్మ, అలిసిపోయిన గొంతుతో, “సరే. చేసేదేముంది. వదిలెయ్. ఆ తల్లికి పాలు ఆరిపోయే మందు రాస్తాను, దాన్ని నాలుగు రోజులు ఇక్కడే ఉంచుదాం. తాతా, ఆ బల్ల తుడువు.”

వదిలెయ్. ఆ మాట విన్నాక ఏం చేసిందో ఆమెకి వరసగా గుర్తులేదు. తలుపు దగ్గర ఉంది, లోపల ఉంది, చెప్పులతో లోపలికి రాకూడదు, వచ్చేసింది.

“మిల్లు,” అంది.

“ఏంటి?”

“షెడ్డు కాదు డాక్టరమ్మా, మిల్లు. నేను దారం మెడకి కట్టలేదు. బోనుకి కట్టాను, కరుస్తుందని. పదిహేడుకి. దారం ఇంకా దానికే ఉంది, చూడండి, పెరట్లో ఉంది. కుక్కలు మారిపోయాయి. దీని కార్డు మీద పొగగొట్టం ఉంది పొద్దున. నేను చూశాను.”

తాత తుడుస్తున్న గుడ్డ ఆపాడు. వల అన్న “ఓరి దేవుడా,” అన్నాడు, “పొగగొట్టంది పొద్దున నేనే దించొచ్చానే మిల్లు దగ్గర. దిగి తెల్లమొహం వేసుకుని నిలబడితే మత్తనుకున్నాను. దానికసలు మత్తే ఇవ్వలేదు కదరా!”

డాక్టరమ్మ మాస్కు కిందికి లాక్కుంది. ఆ మొహాన్ని తనెప్పుడూ అంత దగ్గరగా, అంత ఖాళీగా చూడలేదు. తిడుతుందనుకుంది. తిడితే బాగుండు.

“ఎప్పుడు తెలిసింది నీకు?”

“ఇప్పుడే,” అంది ఆమె. నాలుక దానంతటదే అంది. పిల్లి దూకింది.

“పో. దాన్ని ఎక్కించుకుని పో.” తాత వైపు చూడకుండా, “నువ్వుండు తాతా, రేపూ రా,” అంది డాక్టరమ్మ.

తాతే కుక్కని ఇటువైపు పట్టాడు, దుప్పటిలో వేసి ఇద్దరూ ఎత్తి వ్యాన్‌లో బోనులో పెట్టారు. “మార్చింది నేనేగా అమ్మాయ్, నీదొక్కదానిదే కాదులే,” అన్నాడు, తలుపు వేస్తూ. ఆమెకి ఆయన మొహం చూడడానికి మొహం చెల్లలేదు.

వ్యాను వెనక కుక్క పక్కనే కూర్చుంది. గతుకుల్లో దాని తల కమ్మీలకి కొట్టుకోకుండా మధ్యలో చెయ్యి పెట్టింది, కరుస్తుందా అన్న ఆలోచన రాలేదు. రోడ్డు మీద మనుషులు నడుస్తున్నారు, కొట్లు తెరిచి ఉన్నాయి, ఒకావిడ గొడుగు తెరవలేక తిట్టుకుంటోంది, అన్నీ అద్దం అవతల జరుగుతున్నట్టున్నాయి. మిల్లు గోడ మొదలయింది, ఎంతకీ అయిపోదు ఆ గోడ. వల అన్న వ్యాను ఆపి, “ఇక్కడే అనుకుంటా పట్టింది,” అని తలుపు తీశాడు. కుక్క దిగింది. దిగి పడింది. లేచింది, వెనక కాళ్ళు ఒకటి ఇటు ఒకటి అటు, తాగినవాడిలా, గోడకి ఒరుసుకుంటూ, కుట్లు గోడకి రాసుకుంటుంటే “అమ్మో, కుట్లు,” అంది ఆమె, ఆపడానికి చెయ్యి చాపింది, వల అన్న చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. “దాన్ని పోనీ. దానికి తెలుసు.” ఇరవై అడుగుల అవతల గోడ విరిగిన చోట నుంచి లోపలికి దూరింది. వాళ్ళూ దూరారు. లోపల గోదాములో పాత దూది చెత్త గుట్టగా పోసి ఉంది, నల్లబడి, మెత్తగా, దానిలో గుంట.

ఐదు. కుక్క గుంటలో తనని తాను పడేసుకుంది, కుట్లు పైకి ఉండేలా, ఎవరూ చెప్పకుండానే. ఒకటి గుడ్డిగా పాకి తగులుకుంది. ఇంకొకటి. వల అన్న మోకాళ్ళ మీద కూర్చుని మూడోదాన్నీ నాలుగోదాన్నీ నోటికందించాడు, కాసేపు పట్టుకోలేదు, తరువాత పట్టుకున్నాయి, చప్పుడు మొదలయింది, చిన్న చిన్న చప్పుడు, గుటక, గుటక. ఆమెకి ఏడుపు రాలేదు. రావలసిన చోట ఏమీ లేదు. కుక్క ఆమె వైపు చూస్తుందనుకుంది, గుర్రుమంటుందనో, ఇంకేదో. చూడలేదు. దానికి ఆమె లేదు.

ఐదోది దూదిలో కిందికి జారి ఉంది. ఆమే తీసింది. అరచేతిలో పట్టేంత, పొట్ట గులాబీరంగు, కళ్ళు ఇంకా విడలేదు. ఊదింది. ఏప్రాన్ అంచుతో రుద్దింది. వేలితో గుండె మీద మెల్లగా నొక్కింది, డాక్టరమ్మ నొక్కగా చూసినట్టు. మళ్ళీ ఊదింది. ఎంతసేపు చేసిందో, వల అన్న పక్కన వచ్చి కూర్చుని, ఆమె చేతిలోంచి దాన్ని తీసుకుని, కాలు అటూ ఇటూ వంచి చూసి, పొట్ట కింద చెయ్యి పెట్టి చూశాడు.

“ఇంక వదిలెయ్ అమ్మాయ్. పోయింది.”

ఆమె ఏప్రాన్ అంచు ఇంకా పట్టుకునే ఉంది.

“నాలుగు బతికాయి కదా. ఇంకో పూట ఆగి ఉంటే అవీ ఉండేవి కావు. నువ్వు నోరు విప్పబట్టే దొరికాయి.” అతనిది మంచి మనసు, మనిషి బాధలో ఉంటే చూడలేడు, ఏదో ఒకటి అనాలి. “ఇది కూడా చూడు, ఇంకా బిగుసుకోలేదు. పొట్ట కింద వెచ్చగానే ఉంది. మనం మరీ ఆలస్యమేం చెయ్యలేదు. ఇప్పుడే పోయింది, అరగంట కూడా అయ్యుండదు.”

ఆమె చెయ్యి చాపింది. అతను పిల్లని ఆ చేతిలో పెట్టాడు. నిజమే. ఇంకా వెచ్చగానే ఉంది.